కార్గిల్: శిఖరంపై జెండా వీడియో అందరూ చూశారు.. మరి ఆ ముందు రాత్రి జవాన్లకు ఏం జరిగింది?

ప్రతి ఏటా జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, మీ ఫోన్‌లోకి ఒకే రకం వీడియోలు వస్తాయి. బోఫోర్స్ శతఘ్ని పేలుతుంది. కొండ మీద పొగ లేస్తుంది. ఆ వెంటనే శిఖరం మీద జెండా, దాని చుట్టూ తుపాకులు పైకెత్తిన జవాన్లు. మా డెస్క్‌లో కూడా ఏటా అవే క్లిప్పులు కట్ చేసి, కింద ఓ దేశభక్తి పాట వేసి అప్‌లోడ్ చేస్తాం. వ్యూస్ బాగానే వస్తాయి.

1999 కార్గిల్ యుద్ధాన్ని మన దేశంలో జనం ఇంట్లో కూర్చుని టీవీలో చూసిన మొదటి యుద్ధం అంటారు. కానీ ఆ క్లిప్పుల్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. దాదాపు అన్నీ పగటిపూట తీసినవే. శిఖరాల మీద అసలు పోరాటం ఎక్కువగా జరిగింది రాత్రిళ్లు. శతఘ్ని వీడియోకీ జెండా వీడియోకీ మధ్య ఉన్న ఆ పది, పన్నెండు గంటలకు వీడియో లేదు. మామూలు జవాన్ దృష్టిలో యుద్ధం అంటే ఆ గంటలే. అక్కడ ఏం జరిగిందో తర్వాత జవాన్లు చెప్పిన మాటల్లో, అవార్డుల సైటేషన్లలో, ఆర్మీ రికార్డుల్లో ఉంది. సినిమాలో చూసినదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది.

మొదటి శత్రువు.. గాలి

ద్రాస్ ఊరు దాదాపు 10,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. దాని పైన కనిపించే తోలోలింగ్ శిఖరం 15 వేల అడుగులు. టైగర్ హిల్ 16 వేల అడుగులు దాటుతుంది. ఆ ఎత్తులో మనిషికి ఒక్కో శ్వాసలో దొరికే ఆక్సిజన్ మన విజయవాడలోనో, వైజాగ్‌లోనో దొరికేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఊరికే నడిస్తేనే గుండె దడదడలాడుతుంది. నాలుగు అడుగులు వేసి ఆగాలి, ఊపిరి పీల్చుకోవాలి, మళ్లీ నాలుగు అడుగులు.

అందుకే ఎత్తైన చోటికి పంపే జవాన్ల కోసం ఆర్మీకి ఒక పద్ధతి ఉంది. 9 వేల అడుగులు దాటాక 6 రోజులు, 12 వేలు దాటాక 4 రోజులు, 15 వేలు దాటాక ఇంకో 4 రోజులు. ఇలా మొత్తం 14 రోజులు శరీరాన్ని మెల్లగా అలవాటు చేయాలి. అలా చేయకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి చనిపోవచ్చు. తూటా తగలాల్సిన పనే లేదు. కానీ 1999 మేలో చొరబాటుదారులు శ్రీనగర్-లేహ్ హైవే మీదకు గురిపెట్టి కూర్చుని ఉన్నారు. కశ్మీర్ లోయలో ఉగ్రవాదులతో తలపడుతున్న బెటాలియన్లను ఉన్నపళంగా ఇటు తరలించారు. మంచు బూట్లు, మందపాటి కోట్లు అందరికీ సరిపోలేదు. ఉన్నదాంతోనే పోరాడతాం అని అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ వీపీ మాలిక్ అన్నారు. ఆ మాట ఇవాళ డైలాగ్‌లా వినిపిస్తుంది. కింద ఉన్న జవాన్‌కు మాత్రం దాని అర్థం చలికి వేళ్లు మొద్దుబారడం.

ఇంకో చిక్కు చెమట. మైనస్ డిగ్రీల్లో చెమటేంటి అనుకోకండి. బరువు మోస్తూ నిటారు కొండ ఎక్కితే లోపలి బనియన్ తడిసి ముద్దవుతుంది. పై నుంచి ఫైరింగ్ మొదలవగానే ఓ రాయి వెనక పడుకోవాలి. అలా గంట పడుకోవాలా, ఆరు గంటలా అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. అప్పుడు ఆ చెమటే ఒంటి మీద గడ్డకట్టడం మొదలవుతుంది.

అన్నమా? తూటాలా?

దాడికి బయల్దేరే ముందు ప్రతి జవాన్ ఒక లెక్క వేసుకుంటాడు. తుపాకీ, మ్యాగజైన్లు, గ్రెనేడ్లు, తాడు, నీళ్లు, తిండి, గాయానికి కట్టు.. అన్నీ కలిపితే 25 కిలోలు దాటిపోతుంది. ఆ ఎత్తులో ప్రతి కిలో కాళ్లకు తెలుస్తుంది. ఏదో ఒకటి వదిలేయాలి.

చాలామంది తిండి వదిలేశారు. ఇన్సాస్ రైఫిల్ తూటా ఒక్కోటి సుమారు 12 గ్రాములు. అంటే కిలో తిండి పక్కన పెడితే 80 తూటాలు అదనంగా మోయొచ్చు. పైన శత్రువు ఎదురుగా మ్యాగజైన్ ఖాళీ అయిపోతే రొట్టె కాపాడదు కదా. జేబులో కాసిన్ని డ్రై ఫ్రూట్స్, బిస్కెట్లు.. చాలా రాత్రులు అదే భోజనం. తిండి లేకపోయినా రెండు రోజులు నెట్టుకురావచ్చు, కానీ నీళ్లు లేకపోతే కుదరదు. బాటిల్‌లో నీళ్లు గడ్డకట్టేస్తాయి. మంచు కరిగించుకుందామంటే మంట వెలిగించాలి. మంట వెలిగిస్తే పైనున్నవాడికి మన చోటు చెప్పినట్టే. అందుకని మంచునే నోట్లో వేసుకున్నారు. దాంతో ఒంట్లో వేడి ఇంకా తగ్గుతుందని తెలిసే వేసుకున్నారు.

మరి ఆ తూటాలు, తిండి కింది నుంచి పైకి ఎవరు తెచ్చారు? కంచర గాడిదలు కొంతవరకు వెళ్లాయి. అవి వెళ్లలేని చోట లద్దాఖ్ ఊళ్ల నుంచి వచ్చిన స్థానిక కూలీలు వీపు మీద మోసుకెళ్లారు. జెండా క్లిప్పుల్లో వాళ్లెక్కడా కనిపించరు.

చీకట్లోనే ఎందుకు ఎక్కారు?

తోలోలింగ్ మీద పొదల్లేవు, చెట్లు లేవు. మోడు కొండ. పైన రాళ్లు పేర్చి కట్టిన బంకర్లలో మెషిన్ గన్లతో కూర్చున్నవాడికి కింద కదిలే ప్రతి మనిషీ కనిపిస్తాడు. పగలు ఎక్కడం అంటే దాదాపు ఆత్మహత్యే. 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ మే నెలాఖరు నుంచి అక్కడ పదేపదే ప్రయత్నించి భారీగా నష్టపోయింది. ఆ పోరాటంలోనే మేజర్ రాజేష్ అధికారి, లెఫ్టినెంట్ కల్నల్ ఆర్ విశ్వనాథన్ ప్రాణాలు కోల్పోయారు. చివరకు 2 రాజ్‌పుతానా రైఫిల్స్ జూన్ 13న శిఖరాన్ని పట్టుకుంది.

మైదానంలో దాడి చేసేవాళ్లు శత్రువుకు మూడు రెట్లు ఉండాలంటారు. కొండల్లో అంతకు రెట్టింపైనా కావాలి. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. వెయ్యి మంది కింద ఉన్నా, కత్తి అంచులాంటి గట్టు మీద ఒకేసారి నడవగలిగేది ఒకరి వెనక ఒకరే. అంటే ముందు వెళ్లే పది మంది సెక్షన్‌కు ఆ సంఖ్యతో పెద్దగా ఉపయోగం లేదు. మొదటివాడు పడిపోతే రెండోవాడు మొదటివాడు అవుతాడు. వరుసలో తన నంబర్ ఎంతో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే నడుస్తారు.

వెనక నుంచి మన శతఘ్నుల సాయం ఉంది. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ రెండున్నర లక్షలకు పైగా షెల్స్, మోర్టార్ బాంబులు, రాకెట్లు పేల్చిందని ఆర్మీ లెక్క. 155 ఎంఎం షెల్ తలపై నుంచి వెళ్తుంటే రైలు వెళ్తున్నట్టు ఉంటుంది. అది పైన పడ్డంత సేపూ బంకర్లో ఉన్నవాడు తల ఎత్తలేడు. ఆ సందులోనే మనవాళ్లు పైకి పాకాలి. కానీ బంకర్ దగ్గర పడేకొద్దీ శతఘ్నులు ఆపేయాల్సిందే, లేకపోతే మనవాళ్ల మీదే పడతాయి. సినిమాల్లో పెద్ద మ్యూజిక్ వేసి చూపించే ఆఖరి కొన్ని మీటర్లు నిజానికి శతఘ్నులు నిశ్శబ్దమైపోయాక మొదలవుతాయి. అక్కడ నుంచి చేతిలో ఉన్న గ్రెనేడ్, రైఫిల్, పక్కన ఉన్న మనిషి. ఇంకేం లేదు.

తూటా శబ్దం వినిపించిందంటే..

బతికున్నట్టే. తూటా శబ్దం కంటే వేగంగా ప్రయాణిస్తుంది. పక్క నుంచి దూసుకుపోతున్నప్పుడు ముందు 'ఠప్'మని కొరడా దెబ్బలాంటి చప్పుడు వస్తుంది. ఆ తర్వాత దూరంగా తుపాకీ పేలిన మొద్దు శబ్దం. ఈ రెండింటి మధ్య ఎంత సమయం ఉందో చూసి శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేయడం జవాన్లకు ట్రైనింగ్‌లోనే నేర్పుతారు. అర సెకను తేడా ఉంటే సుమారు 300 మీటర్లు. కొండల్లో మాత్రం ప్రతిధ్వనులతో ఈ లెక్క తప్పుతుంది. ఒక్క గన్ పేలితే నాలుగు వైపుల నుంచి పేలినట్టు ఉంటుంది.

తూటాలు ఒక్కటే కాదు. షెల్ రాతి మీద పడితే ఆ రాయి ముక్కలై అవి కూడా తూటాల్లాగే దూసుకొస్తాయి. పై నుంచి శత్రువు బండరాళ్లు కూడా దొర్లించాడు. దానికి మందుగుండు ఖర్చు లేదు మరి.

ఆ సమయంలో శరీరం లోపల జరిగేది ఇంకో కథ. ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. నోరు ఎండిపోతుంది. చూపు సన్నటి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదాని మీదే ఉంటుంది, పక్కన ఏం జరుగుతుందో కనిపించదు. కొందరికి తన తుపాకీ శబ్దమే తనకు వినిపించదు. క్షణాలు నిమిషాల్లా సాగుతాయి. వేళ్లు వణికి, రోజూ చేసే మ్యాగజైన్ మార్చే పనే కష్టంగా ఉంటుంది. కొందరికి బట్టల్లోనే మూత్రం పోతుంది. ఇది పిరికితనం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల్ని సర్వే చేసినప్పుడు చాలామంది ఇలాంటివి ఒప్పుకున్నారు. వేల సార్లు చేసిన డ్రిల్ పనికొచ్చేది అప్పుడే. మెదడు సరిగ్గా పని చేయకపోయినా చేతులు చేసేస్తాయి. పరేడ్ గ్రౌండ్‌లో హవల్దార్ అరిచి అరిచి ఒకే పని వంద సార్లు ఎందుకు చేయిస్తాడో చాలామంది జవాన్లకు ఆ రాత్రే అర్థమవుతుంది.

19 ఏళ్ల గ్రెనేడియర్

యోగేంద్ర సింగ్ యాదవ్ పేరు మీరు వినే ఉంటారు. పరమవీర చక్ర. కానీ అప్పటికి ఆయన వయసు 19 అన్నది మనకు పెద్దగా గుర్తుండదు. ఇవాళ ఇంజినీరింగ్ సెకండియర్ చదివే కుర్రాడి వయసు.

1999 జులై 3 రాత్రి 18 గ్రెనేడియర్స్‌కు చెందిన ఘాతక్ ప్లటూన్ టైగర్ హిల్‌ను వెనక వైపు నుంచి, శత్రువు అసలు ఊహించని నిటారు గోడ మీదుగా ఎక్కింది. తాళ్లు కట్టుకుంటూ వెళ్లారు. పైకి చేరింది కొద్దిమందే. యాదవ్ ఒంట్లోకి 15 దాకా తూటాలు దిగాయి. పక్కన ఉన్న తన వాళ్లు ఒక్కొక్కరే పడిపోయారు. శత్రువు వచ్చి చనిపోయారో లేదో చూసేందుకు పడి ఉన్నవాళ్ల మీద మళ్లీ కాల్చాడు. యాదవ్ కదలకుండా చచ్చినట్టు పడుకున్నారు. ఛాతీ వైపు వచ్చిన ఒక తూటా జేబులోని నాణేలకు తగిలి ఆగిందని ఆయన చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. తర్వాత గ్రెనేడ్ విసిరి, విరిగిన చేత్తోనే కిందికి పాకి, శత్రువు తర్వాత ఎక్కడ దాడి చేయబోతున్నాడో మనవాళ్లకు చెప్పారు.

ఆ ఇంటర్వ్యూలు ఇప్పుడు షార్ట్స్‌లో కోట్ల మంది చూస్తున్నారు. నిమిషం క్లిప్‌లో తూటాల సంఖ్య, నాణేలు మాత్రమే మిగులుతాయి. పూర్తి ఇంటర్వ్యూ దొరికితే చూడండి. ఆయన తన కంటే ఎక్కువసేపు మాట్లాడేది పక్కన చనిపోయిన సహచరుల గురించి, ఎవరికి తూటా ఎక్కడ తగిలిందన్న దాని గురించి.

జులై 4నే, పాయింట్ 4875 దగ్గర, 13 జమ్మూ కశ్మీర్ రైఫిల్స్‌కు చెందిన రైఫిల్‌మ్యాన్ సంజయ్ కుమార్ ఒంటరిగా బంకర్ మీదికి దూకి ముగ్గురితో చేతులతో తలపడ్డారు. గాయాలతోనే శత్రువు మెషిన్ గన్ లాక్కుని వాళ్ల మీదికే తిప్పారు. ఆయనకూ పరమవీర చక్ర వచ్చింది. ఆర్మీలో చేరకముందు ఆయన ఢిల్లీలో ట్యాక్సీ నడిపేవారు. సెలక్షన్‌లో చాలాసార్లు రిజెక్ట్ అయ్యారు కూడా.

ఎవరి కోసం ముందుకెళ్తాడు?

దేశం కోసం అని మనం వెంటనే అనేస్తాం. తప్పు కాదు. సైన్యంలో చేరేటప్పుడు, ఊరి నుంచి రైలెక్కేటప్పుడు ఆ మాట నిజం. కానీ రాయి వెనక పడుకున్నవాడు లేచి పరిగెత్తడానికి ఆ క్షణంలో ఇంకా దగ్గరి కారణం కావాలి. అమెరికా సైనికుల సర్వేలో కూడా భయంలో ఆదుకున్నవేంటి అని అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబులు రెండు.. ప్రార్థన, పక్కవాళ్లను నట్టేట ముంచకూడదన్న ఆలోచన.

అదే యుద్ధం గురించి ఎస్ఎల్ఏ మార్షల్ అనే అమెరికా ఆర్మీ రచయిత 1947లో ఇంకో మాట రాశాడు. పోరాటంలో నాలుగో వంతు మంది సైనికులు కూడా తుపాకీ పేల్చరన్నాడు. ఆ లెక్కకు సరైన ఆధారాల్లేవని తర్వాత చరిత్రకారులు తేల్చారు. అయినా ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. మీకూ వస్తే నమ్మకండి.

మన ఆర్మీ వ్యవస్థ అంతా ఈ 'పక్కవాడు' అనే దాని మీదే నిలబడి ఉంది. ఇద్దరిద్దర్ని బడ్డీలుగా జత చేస్తారు. కలిసి తింటారు, కలిసి సెంట్రీ కాస్తారు, ఒకరి ఇంటి ఉత్తరాలు ఇంకొకరికి తెలుసు. పైన 'పల్టన్' అంటే బెటాలియన్. పల్టన్ ఇజ్జత్ పోతే ఊళ్లో పరువు పోయినట్టే. దాడి ఆఖర్లో అరిచే నినాదాలు చూడండి. రాజ్‌పుతానా రైఫిల్స్ వాళ్లు 'రాజా రామచంద్ర కీ జై' అంటారు. గోర్ఖాలది 'జై మహాకాళీ, ఆయో గోర్ఖాలీ'. చీకట్లో ఆ అరుపుకు మామూలు ఉపయోగం కూడా ఉంది. మనవాళ్లు ఇంకా పక్కన ఉన్నారని తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్

ఇక్కడ మన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య గురించి చెప్పుకోవాలి. 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. తోలోలింగ్ తర్వాత అదే బెటాలియన్‌కు లోన్ హిల్ ప్రాంతం అప్పగించారు. జూన్ 19న ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. అప్పటికి జమ్మూకశ్మీర్‌లో మొబైల్ సర్వీసే లేదు, అది వచ్చింది 2003లో. ఇంటితో సంబంధం అంటే ఎక్కువగా ఆర్మీ పోస్టాఫీస్ నుంచి వెళ్లే ఉత్తరాలే. యుద్ధం గురించి భయపడొద్దని, అది తనకు దక్కిన గౌరవమని రాశారు. గర్భవతిగా ఉన్న భార్యకు రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని కోరారు.

తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 28 రాత్రి దాడిలో ఆచార్య చనిపోయారు. గాయపడి కదల్లేని స్థితిలో కూడా తనను వదిలేసి ముందుకెళ్లమని తన వాళ్లకు చెప్పినట్టు మహావీర చక్ర సైటేషన్‌లో ఉంది. కొన్ని నెలల తర్వాత కూతురు పుట్టింది.

అదే రాత్రి అదే బెటాలియన్‌లో ఇంకో ఇద్దరు యువ అధికారులు పోయారు. 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ ఒకరు. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నెయికెజాకువో కెంగురుసే ఇంకొకరు. మంచు పట్టిన రాతి మీద బూట్లు జారుతుంటే కెంగురుసే వాటిని విప్పేసి, వట్టి కాళ్లతో పైకి ఎక్కారు. ఆ ఎత్తులో, ఆ చలిలో.

బంకర్ లోపల ఉన్నవాడు

ఇది చాలా వీడియోల్లో ఉండదు. పైన ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాకిస్తాన్ ఆర్మీ నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన సైనికులు. వాళ్లలో చాలామంది గిల్గిట్, బాల్టిస్తాన్ కొండ ఊళ్లవాళ్లు. వాళ్లు తమ సైనికులు కాదు, ముజాహిదీన్లు అని పాకిస్తాన్ ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. అందుకే చాలా మృతదేహాలను తీసుకోడానికి కూడా ఒప్పుకోలేదు. మన జవాన్లే, రాత్రంతా ఎవరితో పోరాడారో వాళ్లనే, తెల్లారాక మత పద్ధతి ప్రకారం ఖననం చేశారు.

టైగర్ హిల్ మీద చనిపోయిన పాక్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ ధైర్యంగా పోరాడారని మన బ్రిగేడియర్ ఎంపీఎస్ బాజ్వా ఒక చీటీ రాసి ఆయన జేబులో పెట్టి పంపారు. పాకిస్తాన్ తర్వాత ఆయనకు అత్యున్నత పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఇలాంటివి చెబితే కామెంట్లలో తిట్లు వస్తాయని తెలుసు. కానీ పై నుంచి ఎవరు కాలుస్తున్నాడో, ఎంత బాగా కాలుస్తున్నాడో కింది నుంచి ఎక్కినవాడి కంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. ఆ చీటీ అలాంటి చోటు నుంచే వచ్చింది.

527 అందరికీ తెలుసు.. 1,363 సంగతి?

కార్గిల్‌లో మనం కోల్పోయింది 527 మందిని. గాయపడ్డవాళ్లు 1,363 మంది. మొదటి సంఖ్య ప్రతి వీడియోలో ఉంటుంది. రెండోది ఎప్పుడో గానీ కనిపించదు.

పైన తూటా తగిలితే మొదట కట్టు కట్టేది బడ్డీనే. ఆ తర్వాత కిందికి దించాలి. చీకట్లో, జారే రాళ్ల మీద, ఫైరింగ్ మధ్యలో, ఒకరిని మోయడానికి కనీసం నలుగురు కావాలి. ఎక్కడానికి రాత్రంతా పట్టిన చోటు నుంచి దిగడానికి కూడా గంటలే పడుతుంది. కింద యూనిట్ డాక్టర్, అక్కడ నుంచి చీతా హెలికాప్టర్, ఆపైన శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్. హాస్పిటల్ దాకా చేరితే బతికే అవకాశం బాగా ఉండేది. చేరడమే కష్టం. 2020 జూన్ 15న గల్వాన్‌లో తుపాకులు పేలలేదు. రాళ్లు, ఇనుప రాడ్లతో కొట్టుకున్నారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది చనిపోయారు. అందులో 17 మంది తీవ్ర గాయాలతో మైనస్ డిగ్రీల చలిలో ఉండిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోయారని అప్పుడు ఆర్మీ ప్రకటించింది. 21 ఏళ్లు గడిచినా కొండల్లో గాయపడినవాడి పరిస్థితి అదే.

కనిపించని గాయాలు ఇంకో రకం. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో దీన్ని 'షెల్ షాక్' అన్నారు. 1980లో డాక్టర్లు పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. నిద్రలో ఉలిక్కిపడటం, పెద్ద శబ్దానికి ఒళ్లు బిగుసుకోవడం, దీపావళి టపాసులంటే తలుపులేసుకోవడం, నేను బతికి వాడెందుకు పోయాడన్న ప్రశ్న తిరిగి తిరిగి రావడం. మన ఊళ్లలో దీన్ని జబ్బు అనరు. 'ఆర్మీ నుంచి వచ్చాక మనిషి మారిపోయాడు, కోపం ఎక్కువైంది' అంటారు. కార్గిల్‌లో 20ల్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు 50 ఏళ్లు అటూ ఇటూ. ఎవరైనా బ్యాంకు సెక్యూరిటీలో ఉండొచ్చు, ఏటీఎం ముందు కుర్చీలో కూర్చుని ఉండొచ్చు.

యోగేంద్ర యాదవ్ విషయంలో ఇంకొకటి జరిగింది. ఆయనకు పరమవీర చక్ర ప్రకటించినప్పుడు మొదట 'మరణానంతరం' అని ప్రకటించారు. అదే బెటాలియన్‌లో అదే పేరుతో ఇంకో జవాన్ ఉన్నాడు, చనిపోయింది అతను. ఆ ప్రకటన వచ్చిన సమయానికి ఈ యాదవ్ హాస్పిటల్ బెడ్ మీద కోలుకుంటున్నారు.